టెంట్‌లో ఆరిపోయిన బొగ్గులు, తెల్లారాక తలనొప్పి: ఇది కార్బన్ మోనాక్సైడేనా?

#1 వెన్నెల_గుడారం | ఆదివారం, రాత్రి 9:52

ఇక్కడ ఏడాదిగా చదివి పోవడమే తప్ప ఎప్పుడూ రాయలేదు. ఈసారి రాయక తప్పడం లేదు.

మొన్న నలుగురం కొండ మీద క్యాంపింగ్‌కి వెళ్లాం. రెండు టెంట్లు, ఒక్కోదాంట్లో ఇద్దరం. రాత్రి వంట బొగ్గుల గ్రిల్ మీద చేసుకున్నాం. పదింటికల్లా మంట పోయింది, పొగ లేదు, బొగ్గుల మీద తెల్లటి బూడిద పరుచుకుంది. అప్పుడే గాలి, వెనకే చినుకులు. గ్రిల్ తడిస్తే తుప్పు పడుతుందని దాన్ని మా టెంట్ ముందు భాగంలోకి, అదే చెప్పులూ బ్యాగులూ పెట్టుకునే చిన్న వసారాలోకి, లాగేశాం. నిజం చెప్పాలంటే తుప్పు ఒక సాకు. కాస్త వెచ్చగా ఉంటుందన్నదే అసలు ఆశ. చినుకులు లోపలికి కొడుతున్నాయని బయటి జిప్ నేలదాకా దించేశాం.

ఒంటిగంట దాటాక ఒంటికి పోవాలనిపించి మెలకువ వచ్చింది. తల చుట్టూ తడిబట్ట బిగించి కట్టినట్టుంది. చీకట్లో తడుముకుంటే జిప్ దొరికింది. దొరికింది గానీ దాన్ని ఏం చెయ్యాలో తట్టలేదు. వేళ్ల మధ్య ఆ చిన్న ముక్కని పట్టుకుని మోకాళ్ల మీద అలాగే కూర్చున్నాను. "తెల్లారాక చూద్దాంలే" అనుకోవడం నాకు బాగా గుర్తు. అంత గట్టిగా రాకపోతే మళ్లీ పడుకునేవాణ్ణే.

ఎలాగో తీసుకుని బయటపడి వాంతి చేసుకున్నాను. లోపలున్న ఫ్రెండ్‌ని పిలిస్తే పలకలేదు. కాళ్లు పట్టుకుని లాగితే ఏదో గొణిగాడు. పక్క టెంట్ వాళ్లు లేచి సాయం పట్టారు. గంటన్నర చలిలో కూర్చున్నాక ఇద్దరం మనుషులమయ్యాం. పక్క టెంట్ వాళ్లిద్దరికీ ఏమీ లేదు.

వాళ్లేమో అలసట, ఎత్తు, నీళ్లు తక్కువ తాగారు అంటున్నారు. బొగ్గులు ఆరిపోయాయి, పొగ లేదు, వాసన లేదు. మరి అదెలా అవుతుంది? ఆస్పత్రికి వెళ్లలేదు. రెండు రోజులైంది, ఇప్పుడు వెళ్లినా లాభముందా?

#2 సందేహాలరావు | ఆదివారం, రాత్రి 10:20

తమ్ముడూ, బతికి బయటపడ్డావు, సంతోషం. కానీ ప్రతి తలనొప్పికీ గ్యాస్ అంటగట్టకండి. నేను చాలా ఏళ్లుగా టెంట్లలో పడుకుంటున్నాను, చలికాలంలో స్టవ్ లోపలే వెలిగిస్తాను. జిప్ జానెడు తెరిచి ఉంచితే చాలు. అయినా టెంట్ గుడ్డలోంచి గాలి ఆడుతూనే ఉంటుంది కదా. కొండ ఎక్కిన రోజు తలనొప్పి, వాంతి అంటే ఎత్తు వల్లే. పొగే లేనప్పుడు విషవాయువు ఎక్కణ్ణించి ఊడిపడుతుంది?

#3 రాత్రి_డ్యూటీ | ఆదివారం, రాత్రి 11:47

నేను ఎమర్జెన్సీ వార్డులో డాక్టర్‌ని. ఇక్కడ కూర్చుని రోగ నిర్ధారణ చెయ్యను గానీ, ఒక టెంట్‌లో ఇద్దరూ పడిపోయి, అదే ఎత్తులో అదే వంట తిన్న పక్క టెంట్‌లో ఇద్దరికీ ఏమీ లేకపోతే, నా మొదటి అనుమానం గ్రిల్ మీదకే పోతుంది.

వెన్నెల గారూ, రేపు వెళ్లి చూపించుకోండి. మీ ఫ్రెండ్‌ని కూడా తీసుకెళ్లండి, ముందు ఆయన్ని. పిలిస్తే పలకని స్థితికి వెళ్లినవాళ్లకి ఆ తర్వాత రోజుల్లో, ఒక్కోసారి వారాల తర్వాత, మతిమరుపు, చిరాకు, నడకలో తేడా రావచ్చు. రక్తంలో గ్యాస్ ఇప్పుడు దొరకదు, కానీ డాక్టర్‌కి జరిగింది జరిగినట్టు చెప్పండి. "మూసిన టెంట్‌లో బొగ్గుల గ్రిల్" అన్న ముక్క మర్చిపోవద్దు. ఆ మాట చెప్పకపోతే ఇది ఫ్లూలాగానో, తిన్నది పడనట్టుగానో కనిపిస్తుంది. జ్వరం లేని ఫ్లూ అనుకోండి: తలనొప్పి, వికారం, తల తిరగడం, కాళ్లలో సత్తువ లేకపోవడం.

లోపల జరిగేది ఇది. ఊపిరితిత్తుల నుంచి ఆక్సిజన్ మోసే హిమోగ్లోబిన్‌కి ఆక్సిజన్ కంటే కార్బన్ మోనాక్సైడ్ (ఇక నుంచి సీఓ అంటాను) 200 రెట్లకు పైగా గట్టిగా అతుక్కుంటుంది. అంటే గాలిలో కొంచెం ఉన్నా చాలు, గంటల తరబడి పీలిస్తే సీట్లన్నీ అదే ఆక్రమిస్తుంది. ఒకసారి పట్టాక త్వరగా వదలదు. మామూలు గాలి పీలుస్తుంటే సగం పోవడానికే 4 నుంచి 6 గంటలు. మాస్క్‌తో స్వచ్ఛమైన ఆక్సిజన్ ఇస్తే గంట, గంటన్నర. హైపర్‌బేరిక్ ఛాంబర్‌లో, అంటే ఎక్కువ ఒత్తిడితో ఆక్సిజన్ ఇచ్చే మూసిన గదిలో, అరగంట లోపు. అందుకే బయట కూర్చుని తేరుకోవడం వేరు, ఆస్పత్రిలో ఆక్సిజన్ పెట్టించుకోవడం వేరు. ఆ రాత్రే వెళ్లాల్సింది.

మీ జిప్ సంగతి. అది మీ బలహీనత కాదు, ఆ విషం చేసే మొదటి పనుల్లో ఒకటి. మెదడుకి ఆక్సిజన్ తగ్గితే ముందు పోయేది తప్పించుకోవాలన్న ఆలోచనే. "తెల్లారాక చూద్దాంలే" అనుకుని పడుకున్నవాళ్లు ఇక్కడికొచ్చి ఆ మాట రాయలేరు.

#4 వెన్నెల_గుడారం | సోమవారం, ఉదయం 6:58

చదివాక చేతులు వణికాయి సార్. రేపు కాదు, ఈ పూటే వెళ్తున్నాం.

ఒక్క డౌట్. ఆ రాత్రి మాలో ఒకడి దగ్గర వేలికి తగిలించే ఆక్సిజన్ మీటర్ ఉంది. నాకు 98, ఫ్రెండ్‌కి 97 చూపించింది. అది చూసే "ఏం కాలేదు, పడుకోండి" అన్నారు.

#5 రాత్రి_డ్యూటీ | సోమవారం, ఉదయం 7:30

ఆ మీటర్‌కి ఇక్కడ పని లేదు. అది రెండు రకాల కాంతి వేలి గుండా పంపి, రక్తం ఎంత ఎర్రగా ఉందో చూసి లెక్క కడుతుంది. సీఓ పట్టిన హిమోగ్లోబిన్ కూడా దానికి ఆక్సిజన్ పట్టినదానిలాగే ఎర్రగా కనిపిస్తుంది. కాబట్టి ఒంట్లో విషం నిండినా 98 అనే అంటుంది. మామూలు మీటర్లన్నీ ఇంతే. ఆస్పత్రిలో రక్తం తీసి కో-ఆక్సిమీటర్ అనే వేరే యంత్రంలో చూస్తాం. "ఒళ్లు చెర్రీపండులా ఎర్రబడుతుంది" అని పుస్తకాల్లో ఉంటుంది. బతికున్నవాళ్లలో అది చాలా అరుదు, దానికోసం ఎదురు చూడకండి.

#6 నీలిమంట | సోమవారం, ఉదయం 9:15

మంటల గురించి పాఠం చెప్పి బతికేవాణ్ణి, కాబట్టి బొగ్గుల సంగతి నాకు వదిలెయ్యండి.

"మంట పోయింది, బూడిద కమ్మింది, ఇక భయం లేదు" అనుకోవడం దగ్గరే అసలు మోసం ఉంది. బొగ్గుల కుప్పలో అడుగున గాలి తగిలే చోట కార్బన్ డయాక్సైడ్ పుడుతుంది. అది పైకి పోతూ కణకణలాడే బొగ్గుల మధ్య నుంచి దూరేటప్పుడు, ఆ వేడి కార్బన్ దాని దగ్గరున్న ఒక ఆక్సిజన్ పరమాణువుని లాగేసుకుంటుంది. మిగిలేది సీఓ. గ్రిల్ బాగా అంటుకున్నప్పుడు బొగ్గుల మీద నీలంగా, పల్చగా చిన్న మంటలు నాట్యమాడుతుంటాయి, చూసే ఉంటారు. ఆ మంటలు ఏమనుకున్నారు? సీఓ మండిపోతూ ఉండడమే. ఆ నీలిమంటలు ఆగిపోయాయంటే సీఓ తయారవడం ఆగినట్టు కాదు, మండకుండా నేరుగా బయటికి వస్తున్నట్టు. పొగ కనబడదు, ఎందుకంటే పొగ చేసే తేమ, తారు బొగ్గు తయారీలోనే పోయాయి. సీఓకి రంగు లేదు, వాసన లేదు, రుచి లేదు.

బూడిద పక్కకి ఊది చూడండి, లోపల ఎర్రగా ఉంటుంది. గంటల తరబడి ఉంటుంది. నీళ్లు పోసి, కలిపి, చేత్తో తాకితే చల్లగా తగలాలి. అప్పుడే అది ఆరినట్టు.

రావు గారూ, టెంట్ గుడ్డలోంచి గాలి ఆడుతుందన్నారు. పొడిగా ఉంటే ఏ కొంచెమో ఆడుతుంది. తడిస్తే నూలు సందులన్నీ నీళ్లతో మూసుకుపోతాయి. మంచు పేరుకుంటే మరీ. మనం వెచ్చదనం కోరేది సరిగ్గా అలాంటి రాత్రే.

#7 సందేహాలరావు | సోమవారం, ఉదయం 10:02

సరే, బొగ్గుల మాట ఒప్పుకుంటాను. నేను వాడేది గ్యాస్ స్టవ్, మంట నీలంగా ఉంటుంది. హీటర్ కూడా కొన్నాను, ఆక్సిజన్ తగ్గితే దానంతటదే ఆరిపోయే రకం. ఇప్పుడేమంటారు?

#8 నీలిమంట | సోమవారం, ఉదయం 11:40

నీలిమంట అన్నది నా పేరే అయినా, దానికి పూచీ ఇవ్వను.

మంట స్వతహాగా శుభ్రంగా మండుతున్నా, దాని మీద చల్లటి పెద్ద గిన్నె పెట్టారనుకోండి. మంట కొసలు గిన్నె అడుగుకి తగిలి చల్లబడతాయి, సగం మండిన గ్యాస్ అంచుల నుంచి జారుకుంటుంది. గిన్నె ఎంత వెడల్పైతే, బర్నర్‌కి ఎంత దగ్గరైతే అంత ఎక్కువ. మంచు కరిగించడానికి స్టవ్ గంటల కొద్దీ వెలిగించేవాళ్లకి ఇదే ముప్పు. కిరోసిన్, పెట్రోల్ స్టవ్‌లు వెలిగించిన మొదటి నిమిషాల్లో పసుపు మంట కక్కుతాయి, అదీ లెక్కలోకే వస్తుంది.

మీ హీటర్‌లోని సెన్సర్ చూసేది ఆక్సిజన్‌ని. అది సుమారు 18 శాతానికి పడిపోతే ఆపేస్తుంది. మంచిదే. కానీ సీఓ ప్రమాదకరం కావడానికి ఆక్సిజన్ అంత తగ్గక్కర్లేదు. బర్నర్‌లో దుమ్మో సాలెగూడో ఉంటే గదిలో ఆక్సిజన్ నిండుగా ఉండగానే సీఓ పెరుగుతుంది. సెన్సర్ కిమ్మనదు.

"చాలా ఏళ్లుగా ఏం కాలేదు" అన్నారు. 1934లో అడ్మిరల్ రిచర్డ్ బర్డ్ అంటార్కిటికాలో మంచు కింద కట్టిన గదిలో ఒంటరిగా చలికాలం గడిపాడు. స్టవ్ పొగగొట్టం అతుకులు సరిగా లేవు, గాలి దారులకి మంచు పట్టేసేది, రేడియో నడిపే ఇంజన్ పొగ ఒకటి. వారాల తరబడి సీఓ పీల్చి మంచాన పడ్డాడు. అయినా అసలు స్థావరానికి "బాగానే ఉన్నాను" అనే పంపుతుండేవాడు. ఆ సందేశాల్లో అక్షరాలు తడబడటం చూసి అవతలివాళ్లకే అనుమానం వచ్చింది, ఆగస్టులో వెళ్లి చేరుకున్నారు. ధ్రువాలన్నీ చుట్టినవాడి గతే అది.

#9 రాత్రి_డ్యూటీ | సోమవారం, మధ్యాహ్నం 1:05

పై మాటకి చిన్న తోక. ఎత్తు వల్ల వచ్చే జబ్బుకీ, సీఓకీ లక్షణాలు దాదాపు ఒకటే. అందుకే కొండల మీద జనం పొరబడతారు. తేడా పట్టుకునే మోటు పద్ధతి ఒకటుంది: బయటికొచ్చి కాసేపు కూర్చుంటే తేలికవుతోందా? స్టవ్ వెలిగించాకే మొదలైందా? పక్కవాడికీ అదే బాధా? వీటిల్లో ఒక్కదానికి అవునన్నా ముందు మంట ఆపండి, అందరూ బయటికి రండి. ఏ జబ్బో తర్వాత తేల్చుకోవచ్చు.

#10 పానా_పట్టకారు | సోమవారం, రాత్రి 8:30

క్యాంపింగ్ నాకు తెలీదు. గీజర్లు, బాయిలర్లు రిపేర్ చేస్తాను. టెంట్ ఏడాదికి రెండు రాత్రులు, ఇల్లు రోజూ. కాబట్టి ఇంటి సంగతి చెప్తాను.

ఒక ఇంట్లో ఆవిడకి తలనొప్పి, అదీ వంట ఎక్కువగా చేసే సెలవు రోజుల్లోనే. కళ్లజోడు మార్చారు, మాత్రలు మార్చారు. ఆఫీసుకి వెళ్తే తగ్గిపోతుంది. నన్ను పిలిచింది తలనొప్పికి కాదు, నీళ్లు సరిగా వేడెక్కడం లేదని. నేను గీజర్ వెలిగించి, ఒక అగ్గిపుల్ల గీసి ఊదేసి, దాని పొగని గీజర్ పైనున్న పొగగొట్టం మూతి దగ్గర పట్టుకున్నాను. పొగ బుద్ధిగా లోపలికి పోయింది. సరేననుకుని వంటింట్లో ఎగ్జాస్ట్ ఫ్యాన్ వెయ్యమన్నాను. తలుపులు, కిటికీలు మూసి ఉన్నాయి. నిమిషం తిరక్కుండానే అదే పొగ వెనక్కి తిరిగి నా మొహాన కొట్టింది.

విషయం ఏమంటే, ఫ్యాన్ గాలిని బయటికి తోస్తుంటే ఆ లోటు పూడ్చడానికి ఇల్లు ఎక్కణ్ణించో గాలి లాక్కోవాలి. కిటికీలు మూసుంటే మిగిలిన దారి పొగగొట్టమే. బయటికి పోవాల్సిన గీజర్ పొగని అది ఇంట్లోకే పీల్చుకుంటోంది. ఫ్యాన్ తప్పు కాదు, గీజర్ తప్పు కాదు, రెండూ కలిసి నడవడం తప్పు.

నేను వెళ్లిన ఇళ్లలో పొగగొట్టం లోపల పక్షి గూళ్లు చూశాను, పైపు అతుకు ఊడి అటకలోకి పొగ కక్కడం చూశాను. చలి వస్తోందని గాలి కన్నానికి గుడ్డలు కుక్కినవాళ్లనీ చూశాను, వీళ్లతోనే నా గొడవంతా. మంట పసుపుగా మారితే, బర్నర్ చుట్టూ గోడ మీద మసి కనిపిస్తే, కిటికీ అద్దాలు మామూలు కంటే ఎక్కువ చెమర్చితే వాడకం ఆపి మనిషిని పిలవండి. ఇవేవీ లేకపోయినా ఏడాదికోసారి చూపించండి.

ఇక బాత్‌రూమ్ లోపల గ్యాస్ గీజర్. దీని మీద నాది ఒకటే మాట, వద్దు. చిన్న గది, మూసిన తలుపు, లోపల మండే మంట. స్నానానికి వెళ్లిన మనిషి నిమిషాల్లో స్పృహ తప్పవచ్చు, లోపల గడియ ఉంటుంది, నీళ్ల చప్పుడులో ఎవరికీ వినబడదు. గీజర్ బయట గోడకి పెట్టించండి. కుదరకపోతే గాలిని బయటి నుంచే తీసుకుని పొగని బయటికే వదిలే మూసిన రకం పెట్టించండి. కిటికీ ఉంది కదా, బకెట్ నింపుకుని ఆపేస్తాం కదా లాంటివి నా దగ్గర చెప్పకండి.

#11 వాన_చినుకు | సోమవారం, రాత్రి 9:11

పానా అన్నా, చలికాలం మా పెద్దవాళ్లు గదిలో నిప్పుల కుంపటి పెట్టి, పక్కన నీళ్ల గిన్నె పెడతారు. గ్యాస్‌ని నీళ్లు పీల్చుకుంటాయట. మొక్కలు పెడితే కూడా మంచిదంటారు. నిజమేనా?

#12 నీలిమంట | సోమవారం, రాత్రి 9:40

అన్న బదులు నేను చెప్తాను. సీఓ నీళ్లలో దాదాపు కరగదు. గిన్నె పెట్టినందుకు గాలిలో తేమ పెరుగుతుందేమో, అంతే. మొక్కల వల్లా కాదు. మూతికి తడిబట్ట కట్టుకున్నా, దుమ్ము మాస్క్ పెట్టుకున్నా సీఓ దూరిపోతుంది, అది రేణువు కాదు, వాయువు. కుంపటి పడగ్గదిలోకి రాకూడదు, వచ్చాక దానికి విరుగుడు లేదు.

సాహిత్యం చదివేవాళ్లకి ఒక సంగతి: ఫ్రెంచి రచయిత ఎమిలీ జోలా 1902లో పారిస్‌లో తన పడగ్గదిలోనే సీఓ వల్ల చనిపోయాడు. పొగగొట్టం మూసుకుపోయింది. అదే గదిలో ఉన్న భార్య బతికింది.

#13 బ్యాటరీ_తక్కువ | సోమవారం, రాత్రి 10:25

నా పేరు చూశారుగా, దాని వెనక కథ ఉంది. మా సీఓ అలారం ఒక రాత్రి మోగింది. బ్యాటరీ అయిపోయిందనుకుని గోడ మీంచి పీకి, బ్యాటరీ తీసి, సొరుగులో పడేసి పడుకున్నాను. పొద్దున మా చిన్నవాడు లేవగానే వాంతి చేసుకున్నాడు. అప్పుడు దాని వెనక అంటించిన చీటీ చదివాను: నాలుగు కూతలు, ఆగి, మళ్లీ నాలుగు కూతలైతే గ్యాస్. నిమిషానికో చిన్న కూత అయితే బ్యాటరీ, లేదా దాని ఆయుష్షు తీరింది. నాది నాలుగు కూతలు. అందరం బాగున్నాం. కానీ ఆ సొరుగు తెరిచినప్పుడల్లా ఇప్పటికీ ఏదోలా ఉంటుంది.

అప్పట్నుంచి దీని మీదే చదివాను కాబట్టి రాస్తున్నాను. పొగ అలారం సీఓని పట్టదు. వంటగ్యాస్ లీకు అలారం కూడా పట్టదు. ఎల్‌పీజీ గాలి కంటే బరువు, అందుకే దాని అలారం నేల దగ్గర పెడతారు. సీఓ గాలితో దాదాపు సమానం, గది అంతా కలిసిపోతుంది, కాబట్టి ఎత్తు గురించి కొట్టుకోకుండా డబ్బాలోని కాగితం చెప్పినట్టు పెట్టండి. ముఖ్యం ఏమంటే, పడుకున్న చెవికి వినబడాలి. పడకగదుల దగ్గర, ప్రతి అంతస్తులో ఒకటి. పరదా వెనక, అలమరా మీద కాదు.

టెస్ట్ బటన్ నొక్కితే మోగుతుంది, దాంతో మనం సంతోషిస్తాం. అది మామూలుగా బ్యాటరీనీ, కూతనీ పరీక్షిస్తుంది, లోపలి సెన్సర్ బతికుందో లేదో చెప్పదు. సెన్సర్ మోడల్‌ని బట్టి 5 నుంచి 10 ఏళ్లు. వెనక తేదీ ఉంటుంది, ఇప్పుడే లేచి చూడండి.

అలారం మోగనంత మాత్రాన గాలి శుభ్రంగా ఉందనుకోవద్దు. అది కావాలనే నిదానంగా మోగుతుంది. యూరప్ ప్రమాణం ఈఎన్ 50291 ప్రకారం 50 పీపీఎం (అంటే పది లక్షల వంతుల గాలిలో 50 వంతుల సీఓ) ఉంటే గంట నుంచి గంటన్నర మధ్య మోగాలి, 100 ఉంటే 10 నుంచి 40 నిమిషాల్లో, 300 ఉంటే 3 నిమిషాల్లోపు. తక్కువ మోతాదు రోజుల తరబడి ఉంటే నోరు మెదపకపోవచ్చు. అందుకే అంకె చూపించే తెర ఉన్నది కొనుక్కోండి. టెంట్లకీ, క్యారవాన్లకీ, పడవలకీ తీసుకెళ్లేవాళ్లు అదే ప్రమాణంలో రెండో భాగం, ఈఎన్ 50291-2 అని రాసున్నది చూడండి. కుదుపులు, తేమ తట్టుకునేలా చేస్తారు.

#14 గాలివాన | మంగళవారం, ఉదయం 7:20

జనరేటర్ గురించి ఎవరూ రాయలేదేం? తుఫాను తర్వాత కరెంటు పోయినప్పుడు మేం వరండాలో పెట్టేవాళ్లం, వానకి తడవకుండా. తలుపు మూసేవాళ్లం కదా, ఏమవుతుందిలే అని.

#15 పానా_పట్టకారు | మంగళవారం, ఉదయం 8:05

మంచి మాట గుర్తు చేశారు. పోర్టబుల్ జనరేటర్ ఒక్కటి వందల కార్లకి సరిపడా సీఓ వదలగలదని అమెరికా వినియోగదారుల భద్రతా కమిషన్ చెప్తుంది. వాళ్లు చెప్పే దూరం ఇంటికి కనీసం 20 అడుగులు, పొగ మూతి ఇంటికి అవతలివైపు తిప్పి. వరండా అంటే ఇల్లే. గ్యారేజీ తలుపు పూర్తిగా తెరిచినా ఇల్లే. వాన పడుతుంటే దానికోసం చేసిన గొడుగు పందిరి కొనండి, లేదా వాన తగ్గేదాకా చీకట్లో ఉండండి.

కారు కూడా అంతే. ఇంటికి ఆనుకున్న గ్యారేజీలో ఇంజన్ వేడెక్కించొద్దు, తలుపు తెరిచినా సరే. తాళం తిప్పక్కర్లేని కార్లలో ఇంజన్ ఆపడం మర్చిపోయి ఇంట్లోకి వెళ్లిపోతారు, చప్పుడు వినబడదు. మంచులో ఇరుక్కున్న కారులో హీటర్ వేసే ముందు దిగి వెనక సైలెన్సర్ మూతి చుట్టూ మంచు తవ్వండి.

#16 వాన_చినుకు | మంగళవారం, ఉదయం 9:30

రాత్రి డ్యూటీ గారూ, ఒక్క ప్రశ్న. మా చెల్లి ఇప్పుడు ఆరో నెల. కుంపటి ఉన్న ఇంట్లోనే ఉంటోంది. తనకి ఏ ఇబ్బందీ లేదంటోంది.

#17 రాత్రి_డ్యూటీ | మంగళవారం, ఉదయం 9:44

అమ్మా, ఈ పూటే ఆ కుంపటి బయట పెట్టించండి. బిడ్డ హిమోగ్లోబిన్ సీఓని తల్లి కంటే గట్టిగా పట్టుకుంటుంది, వదలడానికి ఎక్కువసేపు పడుతుంది. తల్లికి తేలికపాటి తలనొప్పి ఉన్నప్పుడే లోపల బిడ్డకి కష్టం కావచ్చు. తలనొప్పి, వికారం ఉంటే గర్భంతో మామూలే అని కొట్టిపారెయ్యకుండా, కుంపటి సంగతి చెప్పి డాక్టర్‌కి చూపించండి.

ఇంకొకటి, అందరికీ. ఎవరైనా లోపల పడిపోయి కనిపిస్తే "లాక్కొచ్చేస్తాను" అని గుడ్డిగా దూరకండి, అలా వెళ్లి రెండో మనిషిగా పడిపోయేవాళ్లు ఉంటారు. తలుపు బార్లా తెరవండి, ఎమర్జెన్సీకి ఫోన్ చెయ్యండి, "గ్యాస్ అయ్యుంటుంది" అని చెప్పండి. టెంట్ అయితే బయటి నుంచే గుడ్డ చింపెయ్యండి, పెగ్గులు పీకి ఎత్తెయ్యండి. టెంట్ మళ్లీ కొనుక్కోవచ్చు. బయటికొచ్చినవాళ్లు ఫోన్ మర్చిపోయామనో, పిల్లి ఉండిపోయిందనో మళ్లీ లోపలికి వెళ్లకూడదు.

#18 సందేహాలరావు | శనివారం, రాత్రి 8:15

వారం రోజులు మాట్లాడకుండా ఉన్నాను, ఇప్పుడు మాట్లాడతాను. తెర ఉన్న అలారం కొన్నాను. నమ్మక కాదు, మీ అందరి నోళ్లు మూయిద్దామని.

పెరట్లో నా టెంట్ వేశాను. లోపల మనిషి లేడు, ఇది ముందే చెప్తున్నాను. వంట అయిపోయిన గ్రిల్, మంట లేదు, పొగ లేదు, పైన తెల్లటి బూడిద, అచ్చం వెన్నెల చెప్పినట్టే, లోపల పెట్టాను. దోమతెర కిటికీకి లోపలివైపు అలారం కట్టి, నేను బయట టార్చ్‌తో కూర్చున్నాను. జిప్ నా పద్ధతిలో జానెడు తెరిచే ఉంచాను.

మొదట సున్నా. నేను నవ్వుకున్నాను. తర్వాత రెండంకెలు. లేచి వెళ్లి మా ఆవిణ్ణి పిలుచుకొచ్చేసరికి మూడంకెలు. ఆవిడ "ఏంటది అలా పెరుగుతోంది" అంటుండగానే అరవడం మొదలుపెట్టింది. పక్కింటి దీపాలు వెలిగాయి. నేను దూరం నుంచి కర్రతో జిప్ మొత్తం లాగి, గాలి ఆడేదాకా ఆగి గ్రిల్ బయటికి ఈడ్చాను. జిప్ జానెడు తెరిచిన వైపు నుంచి చల్లటి గాలి లోపలికి వస్తోంది గానీ, పైన పోయే దారి లేదు. ఇన్నాళ్లూ నేను తెరిచి పెట్టింది సగం కిటికీయే.

గ్యాస్ స్టవ్ మాట ఇంకా ఒప్పుకోను. వచ్చే వారం దాన్నీ పెట్టి చూస్తాను.

#19 నీలిమంట | శనివారం, రాత్రి 8:33

పెద్ద గిన్నె పెట్టి చూడండి రావు గారూ. చల్లటి నీళ్లతో.

#20 వెన్నెల_గుడారం | ఆదివారం, సాయంత్రం 6:10

అప్‌డేట్. డాక్టర్ ఇద్దర్నీ పరీక్షించారు. లెక్కలు చెప్పమన్నారు, వెనక నుంచి ముందుకి వారాల పేర్లు చెప్పమన్నారు, గీత మీద నడిపించారు. నాకు ఫర్వాలేదు. ఫ్రెండ్ ఒకచోట తడబడ్డాడు, మూడు వారాల తర్వాత మళ్లీ రమ్మన్నారు. ఇంట్లోవాళ్లకి చెప్పి, మనిషిలో ఏ మార్పు కనిపించినా ముందే తీసుకురమ్మన్నారు. వాడికి ఆ రాత్రి ఏమీ గుర్తు లేదు. నేను కాళ్లు పట్టుకుని లాగానంటే నమ్మడు, మడమ దగ్గర గీరుకున్నది చూపించాల్సి వచ్చింది.

నిన్న మళ్లీ నలుగురం వెళ్లాం, ఇంటికి దగ్గర్లోనే, ధైర్యం చిక్కబట్టుకోవడానికి. మంచి స్లీపింగ్ బ్యాగులు, కింద మందపాటి చాప, పడుకునేముందు వేడినీళ్ల సీసా బ్యాగులో. వంట టెంట్లకి ఇరవై అడుగుల అవతల. రెండు టెంట్లలో రెండు అలారాలు, తల దగ్గర. అర్ధరాత్రి మెలకువ వచ్చి రెండుసార్లు తెర చూశాను, సున్నా. మూడోసారి జిప్ కూడా తీసి వేసి చూశాను.

వాన పడింది. గ్రిల్ బయటే ఉంది. తుప్పు పట్టింది.

#21 పానా_పట్టకారు | ఆదివారం, సాయంత్రం 6:40

ఉప్పు కాగితంతో రుద్ది కాస్త నూనె రాయి తమ్ముడూ, పోతుంది.